సంతకం ఎవరిది?

పోయిన ఏడాది మా పెద్దమ్మ వాళ్ల అబ్బాయికి వీసా రిజెక్ట్ అయింది. బాగా చదివేవాడే. మార్కులున్నాయి, అడ్మిషన్ కూడా వచ్చింది. అకౌంట్‌లో చూపించాల్సిన డబ్బు మాత్రం కొంచెం తక్కువైంది. మీరేం కంగారు పడకండి, ఆ బ్యాలన్స్ మేమే చూపిస్తాం అన్నారు కన్సల్టెన్సీ వాళ్లు. అన్నయ్య తలూపాడు. ఇంటర్వ్యూలో ఆ డబ్బు ఎక్కడిదని అడిగేసరికి నోరు పెగల్లేదు. తర్వాత పెదనాన్న ఆ ఆఫీసుకి వెళ్లి గట్టిగా అడిగితే, ఫారం మీద సంతకం మీవాడిదే కదండీ అన్నారట. అదీ నిజమే. ఆ కాగితాల్లో ఎక్కడా వాళ్ల పేరు లేదు. కట్టిన ఫీజు కూడా తిరిగి రాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన లైబ్రరీ నుంచి గాంధీ గారి ఆత్మకథ తెలుగు అనువాదం తెచ్చుకున్నాను. నా చదువంతా ఇంగ్లీష్ మీడియం. మొదట్లో పేజీకి పది నిమిషాలు పట్టింది, సిగ్గుపడకుండా చెప్తున్నా. మనకి గాంధీ గారంటే నోటు మీద బొమ్మ, ఉప్పు సత్యాగ్రహం, అక్టోబర్ 2 సెలవు. కానీ 1893 నుంచి 1914 దాకా దక్షిణాఫ్రికాలో ఆయన చేసిన పనిలో చాలా భాగం పర్మిట్లు, రిజిస్ట్రేషన్లు, లైసెన్సుల గొడవే. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే ఇమ్మిగ్రేషన్ అడ్వైజర్. అందుకే ఆయన జీవితంలో ఆ ఒక్క ముక్క మీకు చెప్పాలనిపించింది.

ఆయన 1869లో పోర్‌బందర్‌లో పుట్టారు. 1888లో లండన్ వెళ్లి ఇన్నర్ టెంపుల్ అనే సంస్థలో లా చదివారు. 1891 జూన్ 10న బారిస్టర్ అయ్యారు, 12న ఇంటికి ఓడ ఎక్కేశారు. చేతిలో సర్టిఫికెట్ ఉంది కానీ పని రాదు. బి.టెక్ అయిపోయాక మనలో కొంతమంది పరిస్థితి కూడా ఇంతే కదా! బొంబాయిలో మొదటి కేసుకి ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించడానికి లేచారు, తల తిరిగింది, ఒక్క ప్రశ్న కూడా రాలేదు. వెంటనే ఆ పని తనవల్ల కాదని చెప్పి, వేరే లాయర్‌ని పెట్టుకోమని, తన ఫీజు వెనక్కి తీసుకోమన్నారు. పని రానివాడు రాదని చెప్పి డబ్బు తిరిగి ఇవ్వడం చిన్న విషయం కాదు.

అప్పట్లో కేసులు పట్టుకొచ్చే దళారులకి కమిషన్ ఇవ్వడం మామూలు. పేరున్న లాయర్లే ఇస్తున్నారని చెప్పినా ఆయన ఇవ్వనన్నారు. తర్వాత రాజ్‌కోట్‌లో అర్జీలు రాస్తూ నెలకి సుమారు 300 రూపాయలు సంపాదించారు. అక్కడ మాత్రం అన్నగారి కోసం ఆ కమిషన్ పద్ధతికి కొంత లొంగానని ఆయనే రాసుకున్నారు. నాకు నచ్చింది ఈ ఒప్పుకోలే. పుట్టుకతోనే మహాత్ముడేం కాదన్నమాట.

1893లో దాదా అబ్దుల్లా కంపెనీ కేసు కోసం దక్షిణాఫ్రికా వెళ్లారు. ఏడాది పని, 105 పౌండ్ల ఫీజు. రైల్లోంచి దింపేసిన కథ మనందరికీ తెలుసు, మళ్లీ చెప్పను. ఆ కేసు ఎలా ముగిసిందో మాత్రం మనకి ఎవరూ చెప్పరు. దావా 40,000 పౌండ్లకి. లాయర్ల ఖర్చు రెండు వైపులా పెరిగిపోతుంటే ఆయన మధ్యవర్తి దగ్గర రాజీకి ఇద్దరినీ ఒప్పించారు. అబ్దుల్లా గారు గెలిచారు. ఓడినాయన సుమారు 37,000 పౌండ్లు ఒకేసారి కట్టాలంటే దివాలా తీయాల్సిందే. తన క్లయింట్‌ని బతిమాలి దాన్ని వాయిదాల్లోకి మార్పించారు. లాయర్ పని మనుషుల్ని కలపడం అని అప్పుడే అర్థమైందట.

1894లో తిరిగి వచ్చేద్దామనుకుంటుండగా భారతీయుల ఓటు హక్కు తీసేసే బిల్లు వచ్చింది. అక్కడి వ్యాపారులు ఉండిపొమ్మన్నారు. ప్రజల పనికి జీతం తీసుకోనన్నారు. బతకడానికి ఇరవై మంది దాకా వ్యాపారులు తమ కోర్టు పనులు ఆయనకి అప్పజెప్పారు. ఉద్యమానికి ఫీజు లేదు, కోర్టు పనికి మాత్రమే ఫీజు. ఈ గీత ఆయన గట్టిగా గీసుకున్నారు.

అయితే నేటాల్ కోర్టులో వాదించాలంటే అక్కడ పేరు నమోదు కావాలి. అక్కడి లా సొసైటీ అడ్డం పడింది. రూల్స్ రాసినప్పుడు తెల్లవాళ్లు కానివాళ్లు అప్లై చేస్తారని ఎవరూ అనుకోలేదన్నది వాళ్ల వాదన. సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసి 1894 సెప్టెంబర్‌లో ఆయన్ని చేర్చుకుంది. అడ్వైజర్లకి లైసెన్స్ ఉండాలి అని మనం ఇప్పుడు అడుగుతున్నాం, సరే. కానీ ఆ లైసెన్స్ ఇచ్చే గేటు దగ్గర ఎవరు నిలబడ్డారో కూడా చూడాలని ఈ సంగతి చెప్తుంది.

ఇక ఆయన దగ్గరికి వచ్చిన మనుషుల గురించి. 1860 నుంచి మద్రాసు, కలకత్తా రేవుల మీదుగా కూలీలు నేటాల్ చెరకు తోటలకి వెళ్లారు. మద్రాసు ఓడల్లో తమిళుల పక్కన మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. అయిదేళ్ల అగ్రిమెంట్. ఆ మాటే వాళ్ల నోట్లో గిర్మిట్ అయింది. చదవడం రానివాళ్ల చేత వేలిముద్ర వేయించేవాళ్లు. చేర్పించినవాడికి తలకింత అని డబ్బు ముట్టేది. అక్కడ ఏం జరిగినా వాడికేం సంబంధం లేదు. వేలిముద్ర మాత్రం కూలీదే. చూశారా, మా అన్నయ్య కథ ఎంత పాతదో.

అలాంటి కూలీల్లో బాలసుందరం అనే తమిళుడు ఒకరు. యజమాని కొడితే రెండు పళ్లు విరిగి, నెత్తురు కారుతూ, తలపాగా చేత్తో పట్టుకుని గాంధీ గారి ఆఫీసుకి వచ్చాడు. కేసు వేసి పేరు తెచ్చుకోవచ్చు. కానీ పని వదిలేసి పారిపోతే చట్టం ప్రకారం జైలుకి పోయేది కూలీయే. ముందు డాక్టర్ సర్టిఫికెట్ రాయించారు, మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకెళ్లారు, చివరికి అగ్రిమెంట్‌ని వేరే యజమాని పేరు మీదకి మార్పించారు. యజమానికి శిక్ష వేయించడం తన ఉద్దేశం కాదని రాశారు. ఎదురుగా ఉన్న మనిషికి ఇప్పుడు ఏం కావాలో అదే చూశారు. 1897లో నేటాల్ కొత్త ఇమ్మిగ్రేషన్ చట్టం తెచ్చి, యూరప్ భాషలో అప్లికేషన్ రాయడం వస్తేనే లోపలికి అంది. అప్పుడు ఆ బిల్లుల్ని భారతీయ భాషల్లోకి అనువదింపజేశారు. మనల్ని కట్టేసే చట్టం ఏంటో మన భాషలో తెలియాలి కదా.

బోయర్ యుద్ధం 1902లో ముగిశాక ఆయన జోహన్నెస్‌బర్గ్‌లో ఆఫీసు పెట్టారు. యుద్ధంలో ట్రాన్స్‌వాల్ వదిలి వెళ్లిన భారతీయులు తిరిగి రావాలంటే పర్మిట్ కావాలి. దానికో ప్రత్యేక డిపార్ట్‌మెంట్, దాని చుట్టూ దళారులు. అర్హత ఉన్నవాళ్లు బయట తిరుగుతుంటే, లేనివాళ్లు వంద పౌండ్లు ఇచ్చి లోపలికి వస్తున్నారని రోజూ ఫిర్యాదులు. ఆయన వాంగ్మూలాలు పోగుచేసి పోలీస్ కమిషనర్ ముందు పెట్టారు. ఇద్దరు అధికారుల మీద కేసు నడిచింది. ఒకడు పారిపోతే పట్టుకొచ్చారు. ఇంత జరిగినా జ్యూరీ ఇద్దరినీ వదిలేసింది. ప్రభుత్వం మాత్రం ఉద్యోగాల్లోంచి తీసేసింది. తర్వాత వాళ్లకి మున్సిపాలిటీలో పని దొరికే అవకాశం వస్తే గాంధీ గారు అడ్డు చెప్పలేదు. మోసాన్ని ఆపాలి అనుకున్నారు, మనుషుల మీద కక్ష పెట్టుకోలేదు.

ఫీజు విషయం కూడా చెప్పాలి. జోహన్నెస్‌బర్గ్‌లో భారతీయుల పేట మొత్తాన్ని మున్సిపాలిటీ తీసుకుంది. నష్టపరిహారం కేసులు సుమారు 70 ఆయన చేతికొచ్చాయి. గెలిచినా ఓడినా ఒక్కో కేసుకి 10 పౌండ్లు, గెలిస్తే కోర్టు ఇప్పించే ఖర్చులు, అంతే అని ముందే చెప్పేశారు. వచ్చినదాంట్లో సగం పేదల ఆస్పత్రి లాంటిదానికి పెడతానని కూడా చెప్పారు. ఒక్క కేసు తప్ప అన్నీ గెలిచారు. ఆస్పత్రి మాత్రం రాలేదు. ఆ డబ్బులో 1,600 పౌండ్ల దాకా ఆయన నడిపిన ఇండియన్ ఒపీనియన్ పత్రిక తినేసింది. అదీ దాచకుండా రాశారు.

ఆయన స్నేహితుడు, డర్బన్ వ్యాపారి పార్సీ రుస్తుంజీ సుంకం ఎగ్గొట్టి సరుకు తెప్పిస్తూ దొరికిపోయారు. ఏదో ఒకటి చేసి బయట పడేయమని ఏడ్చారు. మన కన్సల్టెన్సీ అయితే ఇంకో కాగితం పుట్టించేది. గాంధీ గారు చేసింది వేరు. అధికారుల దగ్గరికి వెళ్లి మొత్తం ఒప్పుకోమన్నారు, జరిమానాకే కాదు, అవసరమైతే జైలుకి కూడా సిద్ధపడమన్నారు. ఎగ్గొట్టానని ఒప్పుకున్న మొత్తానికి రెండింతలు కట్టి రుస్తుంజీ బయటపడ్డారు. ఆ సంగతంతా రాయించి, ఫ్రేమ్ కట్టి, ఆఫీసులో అందరికీ కనపడేలా తగిలించుకున్నారు.

ఇక్కడే ఒక మాట చెప్పకపోతే తప్పు. ఆ రోజుల్లో గాంధీ గారు నల్లజాతి ఆఫ్రికన్ల గురించి తక్కువ చేసి రాసిన రాతలున్నాయి. భారతీయుల కోసం అంత నిజాయితీగా నిలబడిన మనిషి, ఆ నేల అసలు మనుషుల్ని చాలాకాలం సరిగ్గా చూడలేకపోయారు. ఇది కూడా ఆ జీవితంలో భాగమే.

అసలు పరీక్ష 1907లో వచ్చింది. ట్రాన్స్‌వాల్‌లోని ఆసియా వాసులు వేలిముద్రలిచ్చి రిజిస్టర్ చేసుకోవాలని చట్టం. చేసుకోవద్దని ఆయన సలహా ఇచ్చారు, తనూ చేసుకోలేదు. 1908 జనవరిలో, తను లాయర్‌గా వాదించిన కోర్టులోనే ముద్దాయిగా నిలబడి రెండు నెలల శిక్ష వేయించుకున్నారు. నెల తిరక్కుండానే జనరల్ స్మట్స్‌తో రాజీ కుదిరింది. మనంతట మనం రిజిస్టర్ చేసుకుంటే చట్టం రద్దవుతుందని గాంధీ గారు నమ్మారు. ఈసారి చేసుకోమని సలహా ఇచ్చారు. నిన్న వద్దన్నవాడు ఇవాళ చేసుకోమంటే జనం ఊరుకుంటారా? ఫిబ్రవరి 10న అందరికంటే ముందు తను రిజిస్టర్ చేసుకోవడానికి వెళ్తుంటే మీర్ ఆలం అనే పఠాన్, ఆయన పాత క్లయింటే, కర్రతో తల పగలగొట్టాడు. మంచం మీదకి కాగితాలు తెప్పించుకుని మరీ వేలిముద్రలిచ్చారు. కొట్టినవాళ్ల మీద కేసు వద్దన్నారు.

కానీ చట్టం రద్దు కాలేదు. అంటే ఆయన సలహా తప్పింది. వేలమంది ఆ మాట నమ్మి వేలిముద్రలిచ్చేశారు. సంతకం మీదే కదా అని ఆయన అనొచ్చు. చట్టప్రకారం ఎవరూ ఏమీ చేయలేరు కూడా. ఆయన అనలేదు. 1908 ఆగస్టు 16న జోహన్నెస్‌బర్గ్ హమీదియా మసీదు ముందు రెండువేలకి పైగా సర్టిఫికెట్లు తగలబెట్టారు. గాంధీ గారు ఆ జనంతోపాటు మళ్లీ మళ్లీ జైలుకి వెళ్లారు. కొన్నాళ్లకి ప్రాక్టీసే వదిలేశారు. కూలీల మీద వేసిన 3 పౌండ్ల పన్ను కూడా పోయాక 1914లో దేశం వదిలారు.

తర్వాత సంగతి తమాషాగా ఉంటుంది. 1922లో రాజద్రోహం కేసులో శిక్ష పడిందని ఇన్నర్ టెంపుల్ ఆయన పేరు కొట్టేసింది. మళ్లీ చేర్చింది 1988లో, ఆయన పోయిన నలభై ఏళ్లకి. అంటే జీవితంలో చివరి ఇరవై అయిదేళ్లు గాంధీ గారు రికార్డు ప్రకారం లైసెన్స్ లేని మనిషి.

దీన్ని బట్టి లైసెన్స్‌తో పనిలేదు అనుకోకండి ఫ్రెండ్స్. మనకి ఎదురయ్యే ప్రతివాడూ గాంధీ కాడు కాబట్టే లైసెన్స్ కావాలి. బ్రిటన్‌లో 1999 చట్టం ప్రకారం, అర్హత ఉన్న లాయర్లు కాకుండా ఎవరైనా ఇమ్మిగ్రేషన్ సలహా వృత్తిగా ఇవ్వాలంటే రిజిస్టర్ అవ్వాల్సిందే. కెనడా, ఆస్ట్రేలియాల్లో కూడా రిజిస్టర్ ఉంది, ఆన్‌లైన్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. మన 1983 ఎమిగ్రేషన్ చట్టం విదేశీ ఉద్యోగాలకి పంపే ఏజెంట్లని రిజిస్టర్ చేయిస్తుంది, కానీ అది ఉద్యోగాల వరకే. చదువుకి పంపే కన్సల్టెన్సీ దాని కిందికి రాదు. మనలో ఎక్కువమంది వెళ్లేది అక్కడికే.

అందుకే వచ్చే సెమిస్టర్‌లో ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా నాలుగు ప్రశ్నలు అడుగుదాం. మీకు ఏ రిజిస్టర్‌లో పేరుంది? కాలేజీ వాళ్ల నుంచి మీకు కమిషన్ ఎంత? ఫీజు ముందే కాగితం మీద రాసిస్తారా? ఈ కేసు తేడా కొడితే మీ పేరు ఎక్కడుంటుంది?

అన్నయ్య ఈసారి అప్లికేషన్ తనే నింపుతున్నాడు. పోయినసారి రిజెక్ట్ అయింది, ఎందుకైంది అన్నది దాచకుండా రాశాడు. వస్తుందో రాదో తెలీదు. సంతకం పెట్టేముందు మాత్రం ప్రతి పేజీ పెదనాన్నకి తెలుగులో చదివి వినిపించాడు.