రెండువేల ఆరువందల నవలల ఇంజనీరు

మన బడిలో చదివిన ప్రతి బ్యాచ్‌లోనూ ఇంజనీర్లున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. అందుకే ఈ స్వర్ణోత్సవ సంచిక కోసం ఒక ఇంజనీరు జీవితాన్నే ఎంచుకున్నాను. ఆయనకు పేరు తెచ్చినవి మాత్రం కౌబాయ్ నవలలు. ఆయనే స్పెయిన్ దేశపు మార్సియల్ లఫుయెంతె ఎస్తెఫానియా.

కౌబాయ్ అనగానే మనకు 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’, గుర్రం మీద హీరో కృష్ణ గుర్తొస్తారు. స్పెయిన్‌లో, స్పానిష్ మాట్లాడే లాటిన్ అమెరికా దేశాల్లో రెండు మూడు తరాల వాళ్లకు మాత్రం ఎస్తెఫానియా పేరున్న జేబు పుస్తకం గుర్తొస్తుంది.

ఆయన 1903లో తొలెదో నగరంలో పుట్టారు. తండ్రి పాత్రికేయుడు, రచయిత. కొడుకు మాత్రం ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చదివారు. 1928 నుంచి 1931 దాకా అమెరికాలో చాలా ప్రాంతాలు తిరిగారు. అప్పుడు చూసిన ఊళ్లూ కొండలే ముందుముందు తనకు అన్నం పెడతాయని ఆ రోజుల్లో ఊహించి ఉండరు.

1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. ఆయన రిపబ్లిక్ ప్రభుత్వం తరఫున ఫిరంగి దళంలో అధికారిగా పనిచేశారు. 1939లో జనరల్ ఫ్రాంకో గెలిచాడు. ఓడినవాళ్లలో లక్షలమంది సరిహద్దు దాటి ఫ్రాన్స్ వెళ్లిపోయారు. ఆయన దేశం విడిచి వెళ్లలేదు. జైలుపాలయ్యారు. రాయడం మొదలుపెట్టింది ఆ జైల్లోనే, దొరికిన కాగితపు ముక్కల మీద.

ఓడిన పక్షంవాళ్లకు ఉద్యోగాల తలుపులు మూసుకుపోయిన కాలమది. పోషించాల్సిన కుటుంబం ఉంది. ఆడవాళ్ల పేర్లు పెట్టుకుని ప్రేమ నవలలు రాశారు. 1943లో వీగో నగరంలోని ఒక ప్రచురణ సంస్థ ఆయన మొదటి కౌబాయ్ నవల వేసింది. ఆ తర్వాత బార్సిలోనాలోని బ్రుగేరా సంస్థ ఆ పుస్తకాలను ఊరూరికీ చేర్చింది.

ఆయన పేరు మీద సుమారు 2600 నవలలు వచ్చాయి. ఇంజనీరును కదా, లెక్క వేయకుండా ఉండలేకపోయాను. 1943 నుంచి ఆయన కన్నుమూసిన 1984 దాకా 41 ఏళ్లు. అంటే ఏడాదికి అరవై పైచిలుకు, వారానికొకటి కన్నా ఎక్కువ. ఒక్కో పుస్తకం దాదాపు నూరు పేజీలు. ఇద్దరు కొడుకులూ అదే పేరుతో రాసి చేయి కలిపారు. అయినా ఈ లెక్క చిన్నది కాదు.

పని చేసే తీరులో మాత్రం ఆయన ఇంజనీరుగానే ఉండిపోయారు. ముందర అమెరికా పటం, ఆ దేశ చరిత్ర పుస్తకం, ఒక పాత టెలిఫోన్ డైరెక్టరీ. ఊళ్లూ దారులూ పటంలోంచి, పాత్రల పేర్లు డైరెక్టరీలోంచి తీసుకునేవారు. కథలన్నీ ఇంచుమించు ఒకే మూస. హీరో ఆరడుగులు దాటిన మనిషి, బలహీనుడి పక్షాన నిలబడతాడు, దుర్మార్గుడికి చివరి పేజీల్లో శిక్ష పడుతుంది. పాఠకుడు కోరుకున్నదీ అదే. సొంత దేశంలో ఓడినవాళ్లు నోరు విప్పలేని రోజుల్లో, ఎక్కడో టెక్సాస్‌లోనైనా న్యాయం గెలవడం వాళ్లకెంత ఊరటగా ఉండేదో ఆలోచించండి.

కొనలేనివాళ్లు చదివిన పుస్తకాన్ని కియోస్కులో ఇచ్చి, కాస్త చిల్లర కలిపి ఇంకోటి తెచ్చుకునేవారు. రోజు అద్దెకు యుగంధర్, షాడో నవలలు తెచ్చుకుని చదివిన మనకు ఆ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. పెద్ద విమర్శకులు ఆయన్ను సాహిత్యకారుల జాబితాలో చేర్చలేదు. కానీ పెద్దగా చదువుకోని కూలీలు, సైనికులు, దుకాణాల కుర్రాళ్లు ఆ పుస్తకాలు పట్టుకుని చదువుతూనే ఉన్నారు.

ఫ్యాక్టరీ మూతపడి, యాభై ఏళ్ల వయసులో సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని మళ్లీ తిరగాల్సి వచ్చినవాళ్లు మన పూర్వ విద్యార్థుల్లోనూ ఉన్నారు. వాళ్లకు ఎస్తెఫానియా జీవితం ఉపదేశమేమీ చేయదు. నేర్చిన పద్ధతి, చూసిన లోకం ఉద్యోగంతో పాటు పోవని మాత్రం చూపిస్తుంది.

ఉపాధ్యాయులకూ ఒక విన్నపం. పాఠ్యపుస్తకం మధ్యలో నవల దాచుకున్న పిల్లవాడు దొరికితే, దాన్ని చించకండి. సాయంత్రం తిరిగి ఇచ్చేయండి. స్వర్ణోత్సవం పేరిట మన బడి లైబ్రరీకి పుస్తకాలిస్తున్న మిత్రులు పెద్ద పుస్తకాలతో పాటు ఒక అర నిండా ఇలాంటి కథల పుస్తకాలు కూడా ఇవ్వండి. ముందుగా అట్టలు నలిగేది ఆ అరలోని పుస్తకాలకే.