గానోద్ధారకుడు ఆంద్రే మొక్రో

ఐరోపాలోని క్రైస్తవ మఠాలలో వెయ్యేండ్లకు పూర్వం లాటిన్ భాషలో పాడుతుండిన ప్రార్థనాగీతాలకు గ్రిగోరియన్ గానమని పేరు. వాద్యసహకారం లేకుండ అందరూ ఒకే బాణీలో పాడే గానమిది. తొమ్మిది, పది శతాబ్దాల వ్రాతప్రతులలో పదాల మీద చిన్న చిన్న గీతలు, వంకరలు, చుక్కలు కనిపిస్తాయి. స్వరం ఎక్కడ ఎక్కవలెనో, ఎక్కడ దిగవలెనో, ఎక్కడ నిలువవలెనో అవి సూచిస్తాయే గాని, అది ఏ స్వరమో చెప్పవు. పాట కంఠస్థమైన గాయకునికి అవి జ్ఞాపికలు మాత్రమే. ఆ గాయకులు గతించిన పిమ్మట ఆ గానాన్ని మరల వినిపించడం ఎట్లు? ఈ ప్రశ్నకు తన జీవితాన్ని ధారపోసినవాడు ఆంద్రే మొక్రో.

ఆయన 1849లో ఫ్రాన్సు దేశపు పడమటి ప్రాంతంలో లా తెసువాల్ అనే ఊరిలో జన్మించాడు. యౌవనంలో చెల్లో వాద్యం అభ్యసించాడు. 1875లో సొలెం మఠంలో చేరాడు. ఆ మఠానికి చెందిన జోసెఫ్ పోతియే అప్పటికే పాత వ్రాతప్రతులను పరిశీలిస్తూ, 1883లో ఒక గానగ్రంథాన్ని ప్రకటించాడు. కాని రోము ఆమోదం ఆనాడు జర్మనీలో అచ్చయిన వేరొక గ్రంథానికి ఉండేది. 1614-15 నాటి ముద్రణను అనుసరించిన ఆ గ్రంథంలో దీర్ఘమైన స్వరసంచారాలను కత్తిరించి కురచ చేశారు.

పోతియే పక్షాన నిలిచిన మొక్రో వాదప్రతివాదాలకు బదులు సాక్ష్యాన్ని ఎంచుకున్నాడు. 1889లో ‘పాలియోగ్రఫీ మ్యూజికాల్’ అనే గ్రంథమాల ప్రారంభించి వ్రాతప్రతుల ఛాయాచిత్రాలను అచ్చువేయించాడు. ఒకే పాటను వివిధ దేశాలకు, వివిధ శతాబ్దాలకు చెందిన రెండువందలకు పైగా ప్రతులనుండి సేకరించి వరుసగా చూపాడు. గీతలపై స్వరస్థానాలు గుర్తించిన తరువాతి ప్రతులు, ఏ గీతలూ లేని ప్రాచీన ప్రతులకు తాళపుచెవులైనవి. దూరదూరాన వ్రాయబడిన ప్రతులు మొత్తంమీద ఒకే బాణీని చెప్పుతున్నవని తేలింది.

1901లో ఫ్రాన్సు ప్రభుత్వం చేసిన చట్టం కారణంగా సొలెం సన్యాసులు ఇంగ్లండులోని వైట్ ద్వీపానికి తరలిపోయారు. ప్రవాసంలోనూ పని ఆగలేదు. 1903లో పోపు పదవ పయస్ ప్రాచీన గానాన్ని పునరుద్ధరింపవలెనని శాసించాడు. మరుసటి ఏడు పోతియే అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. అత్యంత ప్రాచీన ప్రతులే ప్రమాణమని మొక్రో పట్టుబట్టాడు. తరువాతి శతాబ్దాల సంప్రదాయం కూడ గౌరవనీయమని పోతియే తలచాడు. ఒకే లక్ష్యానికి పాటుపడిన ఇద్దరు ఇట్లు విడిపోయారు. పోతియే మతమే నెగ్గి, 1908లో అధికార గ్రంథం వెలువడింది.

ఆ గ్రంథంలోని చతురస్రాకార స్వరచిహ్నాలకు సొలెం ముద్రణలలో మొక్రో చుక్కలు, చిన్న గీతలు చేర్చాడు. స్వరాలన్నీ ప్రాయికంగా సమాన కాలం గలవనీ, అవి రెండేసి మూడేసిగా గుంపులై నడుస్తవనీ ఆయన సిద్ధాంతం. ఈ పద్ధతి వలన సామాన్య గాయకబృందాలకు కూడ పాట సులభమై, దేశదేశాలకు వ్యాపించింది. 1930లో, మరల సొలెంకు చేరిన మఠంలోనే, ఆయన కన్నుమూశాడు.

అదే మఠానికి చెందిన యూజీన్ కార్డీన్ తరువాత ఆ ప్రాచీన చిహ్నాలను మరింత సూక్ష్మంగా పరిశీలించి, స్వరాల కాలం సమానం కాదనీ, పదోచ్చారణను బట్టి మారుతుందనీ చూపాడు. 1979లో వెలువడిన ‘గ్రాడ్యువాలె ట్రిప్లెక్స్’ అనే గ్రంథంలో చతురస్ర స్వరాలకు పైనా క్రిందా ప్రాచీన చిహ్నాలను కూడ అచ్చువేశారు. గాయకులు నేడు వాటిని స్వయంగా చూచి పాడగలుగుతున్నారు.

మొక్రో సిద్ధాంతం నిలువలేదు. ఆయన చూపిన మార్గం నిలిచింది. ఆయన సిద్ధాంతాన్ని సవరించినవారికి ఆధారమైనవి ఆయన వెలికితెచ్చిన వ్రాతప్రతులే. తన మాటను పరీక్షించే సాధనాలను తానే లోకానికి అందించడం కంటె విద్యార్థికి వేరే ఆదర్శం ఏమి కావలెను?