ఆకాశమును కొలిపించిన రాజు: ఉలూగ్ బేగ్

పాత లెక్కకు నకలు వ్రాసికొనుట సులభము; తిరిగి కొలిచి సరిచూచుట కష్టము. గ్రామ లెక్కలు వ్రాయుచు వయస్సు గడపిన నాకీ సంగతి అనుభవమే. పొలమును గాక ఆకాశమునే తిరిగి కొలిపించిన యొక రాజు చరిత్రమును ఈ రజతోత్సవ సందర్భమున పాఠక మహాశయులకు విన్నవించుచున్నాను.

ఉలూగ్ బేగ్ 1394లో పారసీక దేశమందలి సుల్తానియాలో జన్మించెను. దండయాత్రలకు పేరుమోసిన తైమూరునకు మనుమడు. షారుఖ్ సుల్తానునకు కుమారుడు. పదునైదేండ్ల ప్రాయముననే, 1409లో, సమర్కందు పాలన యితనికి లభించెను. తాత ఖడ్గమును నమ్మగా మనుమడు గణితమును నమ్మెను. 1420 నాటికి గొప్ప విద్యాలయమును నిర్మింపజేసి, జంషీద్ అల్ కాషీ, కాజీజాదా మొదలగు గణితజ్ఞులను చేరదీసి, పిదప వేధశాలను కట్టించెను.

అంతవరకు జ్యోతిర్విదులు పలువురు సుమారు 1300 ఏండ్లనాటి టాలెమీ నక్షత్రపట్టికనే కాలభేదమునకు తగు సవరణతో వాడుకొనుచుండిరి. అందుచే మూలమునందలి తప్పులు అట్లే సాగివచ్చెను. ఉలూగ్ బేగ్ వానిని తిరిగి కొలువ నిశ్చయించెను.

అందులకై దక్షిణోత్తర రేఖపై, కొంత భాగము భూమిలో తొలిచి, సుమారు 40 మీటర్ల వ్యాసార్ధము గల చాపమును నిర్మించిరి. అంత పెద్ద యంత్రమేల యందురా? అంశలో 60వ వంతు కల. మూరెడు వ్యాసార్ధము గల యంత్రముపై కల యొకటి వెండ్రుక మందమే. ఈ చాపముపై నది సుమారు అర అంగుళము. కంటికానిన దానినే కదా కొలువగలము!

ఈ కృషి ఫలముగా 1437 నాటికి 1018 నక్షత్రముల స్థానములు తెలుపు పట్టిక సిద్ధమయ్యెను. అది పారసీక భాషలోని ‘జీజె సుల్తానీ’ యను గ్రంథమున చేరినది. వారు కట్టిన నాక్షత్ర సంవత్సరమానము 365 దినముల 6 గంటల 10 నిమిషముల 8 సెకనులు. నేటి లెక్కతో పోల్చిన భేదము ఒక నిమిషమునకు లోపే!

1447లో తండ్రి గతించగా ఉలూగ్ బేగ్ సింహాసనమెక్కెను. గ్రహగతుల నెరిగిన యా విద్వాంసునకు కన్నకొడుకు మతి తెలియరాలేదు. కుమారుడు అబ్దుల్ లతీఫ్ తిరుగబడి గెలిచి, మక్కా యాత్రకు బయలుదేరిన తండ్రిని 1449లో త్రోవలోనే చంపించెను. వేధశాల పాడుపడి దాని చోటే మరుగుపడెను. 1908లో వ్యాత్కిన్ అను రష్యా పురాతత్త్వజ్ఞుడు భూమిలోని చాపభాగమును వెలికి తీసెను.

గ్రంథము మాత్రము మరుగుపడలేదు. శిష్యుడు అలీ కుష్జీ ఆ విద్యను ఇస్తాంబులునకు చేర్చెను. నక్షత్రపట్టిక 1665లో ఆక్స్‌ఫర్డునందు అచ్చయ్యెను. మన దేశమున జయపురాధీశుడు సవాయి జయసింహుడు తన ఖగోళ పట్టికలకు దానినే ఆదర్శముగా గైకొనెను.

కొడుకు చేతిలో రాజ్యము పోయినను, చేతివ్రాతలు కాపాడిన వారుండుటచే ఆ కొలతలు మనవరకు వచ్చినవి. పాతికేండ్లుగా మన గ్రంథాలయము చేయుచున్న పనియు నట్టిదే.