మొదటి సాలార్ జంగ్

మొదటి సాలార్ జంగ్ (అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్, జనవరి 21, 1829 – ఫిబ్రవరి 8, 1883) 1853 నుండి మరణించేవరకు హైదరాబాదు రాజ్యానికి దివానుగా పనిచేసిన పాలనాదక్షుడు. ముగ్గురు నిజాముల కాలంలో ఈ పదవిలో ఉన్నాడు. జిల్లాల ఏర్పాటు, కేంద్ర ఖజానా, హాలీ సిక్కా, రైలుమార్గము ఈయన కాలంలో వచ్చిన ముఖ్యమైన మార్పులు. రాజ్యం లోపల సరుకుల రాకపోకలకు అడ్డుగా ఉన్న రాహదారీ సుంకాల తొలగింపు కూడా వీటిలో ఒకటి. హైదరాబాదులోని ప్రసిద్ధ మ్యూజియంలోని వస్తువులను ప్రధానంగా సేకరించినది ఈయన మనుమడైన మూడవ సాలార్ జంగ్. పేరు ఒకటే కావడం వలన ఇద్దరినీ ఒకరుగా పొరబడటం కద్దు.

తొలి జీవితం

ఈయన బీజాపూరులో జన్మించాడు. తండ్రి చిన్నతనంలోనే మరణించగా పినతండ్రి సిరాజ్-ఉల్-ముల్క్ సంరక్షణలో పెరిగాడు. 1840ల చివర ఖమ్మం ప్రాంతానికి తాలూకుదారుగా నియమితుడై, తెలంగాణ పల్లెల రెవెన్యూ వ్యవహారాలను దగ్గరగా చూశాడు. 1853 మే నెలలో బీరారు వంటి సారవంతమైన జిల్లాలను నిజాము ఆంగ్లేయులకు అప్పగించవలసి వచ్చింది. ఆ ఒప్పందం జరిగిన కొద్దిరోజులకే దివానుగా ఉన్న పినతండ్రి మరణించాడు. ఇరవైనాలుగేళ్ళ తురాబ్ అలీకి దివాను పదవి, దానితోపాటు ఖాళీ ఖజానా దక్కాయి.

రాహదారీ సుంకాలు

అప్పటి హైదరాబాదు పేరుకు ఒకే రాజ్యమైనా వ్యాపారికి మాత్రం అనేక రాజ్యాల కింద లెక్క. శిస్తు వసూలును గుత్తకు తీసుకున్నవారు, జాగీర్దారులు తమ హద్దులో ప్రవేశించిన ప్రతి బండిపైనా, ప్రతి పెరిక ఎద్దుపైనా సుంకం వసూలు చేసేవారు. హైదరాబాదు నుండి మచిలీపట్నం వెళ్ళే పాత బాట నల్గొండ మెట్టప్రాంతం గుండా పోయేది. నేటి 65వ జాతీయ రహదారి కూడా ఇంచుమించు అదే దిక్కుగా నార్కట్‌పల్లి, కట్టంగూర్, నకిరేకల్, సూర్యాపేటల మీదుగా సాగుతుంది. కోస్తా ఉప్పును బంజారాలు (లంబాడీలు) ఎద్దుల మందలపై లోపలి ప్రాంతాలకు తెచ్చేవారు. సుంకం ఎక్కడ ఎంత అన్నది ముందుగా తెలియకపోవడం సుంకం కన్నా పెద్ద బాధ. దారిలో చెల్లించినదంతా చివరకు ఉప్పు కొనే రైతు మీదనే పడేది.

కంపెనీ భూభాగం నుండి వచ్చే సరుకుపై నూటికి 5 చొప్పున సుంకం విధించాలని 1802 నాటి వాణిజ్య ఒప్పందంలోనే ఉన్నది. లోపలి సుంకాలు మాత్రం ఆగలేదు. సాలార్ జంగ్ గుత్తేదారుల స్థానంలో జీతం తీసుకునే ఉద్యోగులను నియమించి, రాహదారీ సుంకాలను క్రమంగా రద్దుచేసి, వసూలును రాజ్యపు సరిహద్దులకు మార్చాడు. ఈ పని చూసే శాఖను కరోడ్‌గిరీ అనేవారు. 1865లో మొదలైన జిలాబందీ ద్వారా జిల్లాల పాలన ఏర్పడటంతో ఈ మార్పు నిలదొక్కుకున్నది. అయితే జిలాబందీ ప్రధానంగా దివానీ భూములకే వర్తించింది. సంస్థానాలు, పాయిగాలు, జాగీర్లు తమ ప్రత్యేకాధికారాలను చాలావరకు నిలుపుకొన్నాయి. ఈయన సంస్కరణలలోని పెద్ద లోటు ఇదే.

నాణెములు

గద్వాల, నారాయణపేట వంటి చోట్ల వేరువేరు టంకశాలలు ఉండేవి. ఒక ఊరి రూపాయిని మరొక ఊరిలో బట్టా తగ్గించి గాని తీసుకునేవారు కాదు. ఇది కూడా సుంకమే, కాకపోతే వసూలు చేసేది షరాబు. సాలార్ జంగ్ ప్రవేశపెట్టిన హాలీ సిక్కా లోపలి బట్టాను తగ్గించింది గాని, బ్రిటిషు ఇండియాతో మారకం మిగిలిపోయింది. తరువాతి కాలంలో స్థిరపడిన నిష్పత్తి ప్రకారం 6 బ్రిటిషు రూపాయలకు 7 హాలీ రూపాయలు. అంటే బెజవాడలో 100 రూపాయల సరుకు కొనడానికి నల్గొండ వర్తకునికి 116 రూపాయల 10 అణాల 8 పైలు కావలసి వచ్చేది.

రైలుమార్గము

1874లో వాడి – సికింద్రాబాదు రైలుమార్గం ప్రారంభమైంది. ఈయన మరణం తరువాత, 1889 నాటికి, అది కాజీపేట, ఖమ్మంల మీదుగా బెజవాడకు చేరింది. నల్గొండ, కట్టంగూర్ ప్రాంతం ఆ మార్గానికి దూరంగా ఉండిపోయింది. సుంకం పోయిన దారిలో సరుకే తగ్గింది. ఎద్దులపై రవాణా చేసే బంజారాలు క్రమంగా ఆ వృత్తిని కోల్పోయి తండాలలో స్థిరపడ్డారు.

ఉద్యోగాలు, ముల్కీ సమస్య

పాలనకు శిక్షణ పొందినవారు కావాలని ఈయన ఉత్తర హిందూస్థానం నుండి సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మెహదీ అలీ (మొహ్‌సిన్-ఉల్-ముల్క్) వంటివారిని రప్పించాడు. పాలన మెరుగుపడింది గాని, స్థానికులలో అసంతృప్తి పెరిగింది. ముల్కీ, గైర్ ముల్కీ వివాదానికి బీజం ఇక్కడే ఉంది. 1919 నాటి ఫర్మానా బయటివారికి 15 ఏళ్ళ నివాసాన్ని షరతుగా పెట్టింది. నల్గొండ జిల్లాలోని తెలుగు యువకునికి దీనివలన కలిగిన మేలు కొద్దిదే. రాజభాష మొదట పారశీకం, 1884 తరువాత ఉర్దూ. సొంత జిల్లా కచేరీలోనే భాష అతనికి అడ్డుగోడ అయింది. ముల్కీ నిబంధనలు 1969, 1972 ఆందోళనలలో ప్రధానాంశమై, 1973లో రద్దయ్యాయి.

చివరి దశ

1857లో ఈయన ఆంగ్లేయుల పక్షం వహించాడు. దానివలన ప్రజలలో కొంత వ్యతిరేకతను ఎదుర్కొన్నాడు. 1869లో బాలుడైన మహబూబ్ అలీ ఖాన్ నిజాము కాగా రాజప్రతినిధులలో ఒకడయ్యాడు. బీరారును తిరిగి పొందాలని 1876లో ఇంగ్లండు వెళ్ళినా ఫలితం దక్కలేదు. 1883లో కలరా సోకి హైదరాబాదులో మరణించాడు.

తదనంతరం

ఈయన సరిహద్దుకు మార్చిన సుంకం చాలాకాలం కొనసాగింది. 1950లో ఆర్థిక సమైక్యం జరిగిన తరువాత దశలవారీగా రద్దయింది. హాలీ సిక్కా 1959 వరకు చలామణిలో ఉంది. రాష్ట్రాల మధ్య అడ్డంకులను ఆర్థికవేత్తలు నేడు సరుకుల, మనుషుల రాకపోకలను బట్టి కొలుస్తారు. 2016-17 భారత ఆర్థిక సర్వే రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 54 శాతంగాను, పనికోసం జరిగే వలసను ఏటా సుమారు 90 లక్షలుగాను అంచనా వేసింది. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను రావడంతో రాష్ట్రాల సరిహద్దుల్లోని వాణిజ్యపన్ను చెక్‌పోస్టులు తొలగిపోయాయి. కట్టంగూర్ మీదుగా పోయే రహదారిపై పంతంగి, కొర్లపహాడ్‌ల వద్ద వసూలు చేసే టోలు రోడ్డు నిర్మాణానికి సంబంధించినది. దాని రేట్లు ముందుగానే ప్రకటిస్తారు.