అయ్యలసోమయాజుల లలితగారి చరిత్రము

బిడ్డల కే విద్య చెప్పింపవలయునని మమ్మడుగు తల్లిదండ్రులకు మేము తఱచుగా లలితగారి కథ చెప్పుచుందుము. ఈమె 1919 ఆగష్టు 27వ తేదీని మద్రాసునందు తెలుగు కుటుంబమున జన్మించిరి. పదునైదవయేటనే వివాహమయ్యెను. 1937లో భర్త గతించునప్పటికి ఈమెకు పదునెనిమిదేండ్లు. ఒడిలో నాలుగు నెలల కూఁతురు. ఆ కాలమున వితంతువునకు లోకము విధించిన బ్రతుకెట్టిదో మన వారికిఁ జెప్ప నక్కఱలేదు.

క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియెట్టు ప్రథమశ్రేణిని ముగించి, ఏ వృత్తి నవలంబింపవలయునా యని యాలోచించిరి. వైద్యమున నర్ధరాత్రము పిలుపు వచ్చినను పసిబిడ్డను విడిచి పోవలసినదే. ఇంజనీరు పనికి నియతమగు వేళలు గలవు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులు. అచట నంతవఱకు స్త్రీలు చదువలేదు. ఆయన ప్రిన్సిపాలు చాకోగారి నొప్పించి కూఁతునకుఁ బ్రవేశము సంపాదించిరి. తన శాస్త్రము కొడుకులకే యని తలఁపని యాచార్యుని మేము మనసారఁ గొనియాడుదుము.

చదువు 1943లో ముగిసినది. పట్టాలు పురుషులకొఱకే యచ్చయినవి గావున, ఈమె పట్టాలో ‘అతఁడు’ అను పదమును కలముతోఁ గొట్టివేసి ‘ఆమె’ యని వ్రాయవలసివచ్చెను!

పిదప జమాల్‌పూరు రైలుకర్మాగారమున శిక్షణము, సిమ్లాలో ప్రభుత్వోద్యోగము. సిమ్లాలో సోదరుని కుటుంబముతో నుండుటచే బిడ్డకు లోటు రాలేదు. తరువాతఁ గలకత్తాలో నసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీసునఁ జేరి, భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్తును గొనిపోవు తంతులమార్గములకు రూపకల్పనము చేసిరి. 1964లో న్యూయార్కునందు జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయసభకుఁ బోయి వచ్చిరి. మరల వివాహమాడలేదు. 1979లో నఱువదవయేటఁ బరమపదించిరి.