మనుషుల్ని కట్టి, ఆపై గుడి కట్టిన అజరయ్య

ఇల్లందు నుంచి గార్ల మీదుగా డోర్నకల్ వెళ్లిరావడం మన ప్రాంతపు విశ్వాసులకు కొత్తేమీ కాదు. కూటాలకో, పెళ్లికో, రైలెక్కడానికో వెళ్తూనే ఉంటాం. అలా వెళ్లినవారిలో చాలామంది ఎపిఫనీ కేథడ్రల్‌ను ఒక్కసారైనా చూసి ఉంటారు. మొదటిసారి చూసిన వారికి కాస్త తికమకగానే ఉంటుంది. పైకి చూస్తే గుమ్మటాలు, మినార్లు, లోపలికి అడుగుపెడితే మన గుడి మండపాల్లో కనిపించేలాంటి రాతి స్తంభాలు. ఇది మసీదా, కోవెలా, చర్చా అని పిల్లలు అడుగుతారు. ఆ తికమక పొరపాటున వచ్చింది కాదు. కట్టించినవాడు కోరి తెచ్చిపెట్టిందే. ఆ కట్టించినవాడే డోర్నకల్ తొలి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

పాత దేవాలయాలు చూడటమంటే మనకు ఇష్టం. క్రిస్మస్‌కు మెదక్ బస్సులు కిటకిటలాడతాయి. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లిన మన సంఘస్థులు కాలిఫోర్నియాలో స్పెయిన్ దేశస్థుల కాలంనాటి మిషన్ చర్చీలు చూసి, ఫొటోలు తెచ్చి చూపిస్తారు. తెల్లని గోడలు, వంపు ద్వారాలు, గంటలు వేలాడే గోపురాలు, నిజంగానే అందమైనవి. 1769లో శాన్ డియెగోతో మొదలుపెట్టి 1823 వరకు ఫ్రాన్సిస్కన్ సన్యాసులు అలాంటి మిషన్లు 21 స్థాపించారు. అయితే ఆ గోడలకు ఇటుకలు చేసినవారు, ఆ పొలాలు దున్నినవారు అక్కడి ఆదివాసులు. ఒకసారి బాప్తిస్మం పొందితే వారు అనుమతి లేకుండా మిషన్ విడిచి పోకూడదు. పారిపోయినవారిని సైనికులు పట్టి తెచ్చేవారు, కొరడా దెబ్బలు తప్పేవి కావు. తెల్లవారితో వచ్చిన రోగాలకు వేలాదిమంది బలయ్యారు. ఆ మిషన్లకు ఆద్యుడైన జునిపెరో సెర్రాను రోమన్ కథోలిక సభ 2015లో పునీతుడిగా ప్రకటించినప్పుడు ఆ ఆదివాసుల సంతతివారు కొందరు బాధతో నిరసన తెలిపారు. సువార్త నిజమైనదే, గుడి అందమైనదే, కానీ ఆ గుడి తమదని అనుకునే హక్కు దాన్ని కట్టినవారికి దక్కలేదు.

కాబట్టి ఏ పాత దేవాలయం ముందు నిలబడినా ఇది ఎవరిది అని అడగాలి. డోర్నకల్ విషయంలో ఆ ప్రశ్నకు జవాబు అజరయ్య జీవితంలోనే ఉంది.

ఆయన మన తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తమిళనాట తిరునెల్వేలి ప్రాంతంలో వెళ్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం హైందవ కుటుంబం నుంచి క్రీస్తును తెలుసుకుని పల్లె సంఘానికి గురువైనవాడు. పిల్లవాడికి తల్లి శిక్షణ గట్టిగా అందింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ పట్టా చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ.లో చేరి, దక్షిణ భారతమంతా తిరుగుతూ యువకుల మధ్య పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. ఆ కాలంలో కళాశాల చదువు చదివిన అతికొద్దిమంది దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. డోర్నకల్‌లో స్త్రీల మధ్య జరిగిన పనిలో సగభారం ఆమెదే. బిషప్‌గారి గురించి వ్రాసేవారు ఆమెను ఒక్క వాక్యంతో దాటేయడం మామూలైపోయింది. మేమూ ఇక్కడ ఎక్కువ వ్రాయలేకపోతున్నాం గానీ, ఆమె లేని అజరయ్యను ఊహించలేం.

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో సువార్త పని చేయించడం చూశారు. తిరునెల్వేలిలో రెండు మూడు తరాలుగా వేలాది కుటుంబాలు క్రైస్తవులుగా ఉన్నా, సువార్త చెప్పే పని తెల్లదొరలదే అన్నట్టు కూర్చున్నామే అని ఆయన మనసు కలత చెందింది. మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరిలో, పాలయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులు, డబ్బు, నిర్వహణ మూడూ భారతీయులవే కావాలన్నది దాని కట్టడ. 1905 క్రిస్మస్ దినాన సేరంపూరులో మొదలైన నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపకుల్లోనూ ఆయన ఉన్నారు.

తిరునెల్వేలివారు సేవాక్షేత్రంగా ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని మానుకోట తాలూకా. డోర్నకల్ అప్పటికి చిన్న ఊరు. దానికి జంక్షన్ హోదా తెచ్చింది మన ఇల్లందు బొగ్గే. ఇక్కడి గనుల కోసం డోర్నకల్ నుంచి రైలుమార్గం వేశారు. బొగ్గు పోయే దారిన సువార్త వచ్చిందన్నమాట! భద్రాచలం వైపు దుమ్ముగూడెంలో మాత్రం పని అంతకుముందే, 1860 ప్రాంతంలో మొదలైంది. గోదావరి కాలువ పనులు చూసిన ఇంజనీరు హేగ్‌గారి భారంతో కోయల మధ్య ఆ మిషను వెలసింది. అది వేరే కథ, ఇంకో వారం చెప్పుకోదగ్గది.

మనుషుల్ని పంపి తాను ఇంట్లో కూర్చోవడం అజరయ్యకు నచ్చలేదు. 1909లో మంచి ఉద్యోగం వదిలి, అభిషేకం పొంది, తానే మిషనరీగా డోర్నకల్ వచ్చారు. అప్పటికి ఆయనకు దాదాపు ముప్పై అయిదేళ్లు. భాష కొత్త, ఎండ కొత్త, జ్వరాలు కొత్త. ఆ వయసులో కూర్చుని తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి ఏడాది స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందలకు పైగా ప్రతినిధులు వచ్చారు. అందులో ఆసియావారు గుప్పెడుమంది. ఒక సాయంకాలం ఈ పల్లెటూరి గురువు లేచి, విదేశీ మిషనరీలు మా కోసం ఆస్తులు ధారపోశారు, ప్రాణాలు పెట్టారు, అందుకు మా జనం కలకాలం కృతజ్ఞులై ఉంటారని చెప్పారు. ఆ తర్వాత, మాకింకా దొరకనిది ఒకటుంది, అది స్నేహం, దాన్ని ఇవ్వండని అడిగారు. ఒకే ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్నా దొరగారింట్లో భారతీయ ఉపదేశి భోజనానికి కూర్చోలేని రోజులవి. సభలో కొందరు కదిలిపోయారు, కొందరికి కోపం వచ్చింది. యోహాను సువార్త 15వ అధ్యాయంలో ప్రభువు తన శిష్యులను దాసులని కాక స్నేహితులని పిలిచిన మాట మనందరికీ కంఠస్థమే. దాన్ని ఆచరణలో అడిగేసరికే చిక్కొచ్చింది.

మద్రాసు బిషప్ వైట్‌హెడ్ మాత్రం ఆయన పక్షాన నిలిచారు. భారతీయుణ్ని బిషప్ చేయాలన్న మాట పుట్టగానే అభ్యంతరాలు లేచాయి. యూరోపియన్ గురువులు ఒక భారతీయుడి అధికారం కింద ఎలా పనిచేస్తారన్నది ఒకటి. బాధ కలిగించేది ఇంకొకటుంది. సొంత తిరునెల్వేలిలో పై కులాల క్రైస్తవులు, నాడారు కులంవాడు బిషప్ కావడమేమిటని ఎదురు తిరిగారు. దొర రంగు చూశాడు, మనవాడు కులం చూశాడు. ఇన్ని అడ్డంకుల మధ్య 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో భారతదేశపు తొలి స్వదేశీ బిషప్ ఆయనే. అప్పటికి ఆయనకిచ్చిన అధ్యక్ష ఖండం చాలా చిన్నది. తర్వాతి సంవత్సరాల్లో కృష్ణా, గోదావరి ప్రాంతపు సంఘాలు కూడా కలిసి పెద్దదైంది.

ఇక్కడే మనం ఆగి చూడవలసింది ఉంది. కొత్త బిషప్‌కు ముందుగా కేథడ్రల్ కావాలి, బంగళా కావాలి అనుకోవడం లోకరీతి. ఈనాడు మన సంఘాల్లోనూ పదిమంది కూడకముందే గోపురం ఎత్తు ఎంతని మాట్లాడుకుంటున్నాం. గుడికన్నా దాతల పేర్ల ఫలకాలు పెద్దవవుతున్నాయి. అజరయ్య గుడి ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరి 6న, అంటే ఆయన బిషప్ అయిన ఇరవై ఆరేళ్లకు. ఈ మధ్యకాలంలో ఆయన కట్టింది మనుషుల్ని.

ఆయన సంఘస్థుల్లో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు. ఊరి బావి దగ్గరకు రానివ్వని, బడి గడప తొక్కనివ్వని ప్రజలు. వారి మధ్యకు ఎడ్లబండి మీద వెళ్లి, వారిలో ఉండి, బాప్తిస్మానికి ముందు ఒక్కొక్కరినీ ప్రశ్నించి నేర్పేవారు. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న భావంతో పౌలు కొరింథీయులకు వ్రాసిన సంగతిని ఒప్పించేవారు. చదువురాని పాలేరు కూడా ఆ రోజు నుంచి సాక్షే. గ్రామోపాధ్యాయులకు డోర్నకల్‌లో శిక్షణ ఇచ్చినప్పుడు వారి భార్యలకూ కలిపి ఇచ్చారు. వాక్యంతో పాటు వ్యవసాయం, చేతిపనులు నేర్పించారు. 1930ల నడుమకు అలాంటి గ్రామోపాధ్యాయులు రెండు వేలు దాటారు, సంఘస్థులు రెండు లక్షల వరకు ఉన్నారు.

తాగుడు మానడం, చచ్చిన గొడ్డు మాంసం మానడం, పిల్లల్ని బడికి పంపడం, ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం, ఇవన్నీ ఆయన బోధలో భాగాలే. ఈ మార్పు కళ్లారా చూసి ఆ ఊళ్లలోని ఇతర కులాలవారు కూడా కొందరు క్రీస్తు దగ్గరకు వచ్చారు. పైనుంచి కిందికి కాదు, పల్లె నుంచి ఊళ్లోకి సువార్త నడిచింది. ఇక మాలలు, మాదిగలు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని, ఒకే పాత్రలోనిది పుచ్చుకోవాలని ఆయన పట్టుబట్టారు. అది అంత తేలిగ్గా జరగలేదు. వందేళ్లు గడిచినా రెండు వాడలకు రెండు చర్చీలున్న ఊళ్లు మనకు తెలుసు. సమాధుల తోటలో సైతం గీత గీసుకున్నచోట్లు ఉన్నాయి. ఈ విషయంలో ఆయన మొదలుపెట్టిన పని మన చేతుల్లో మిగిలే ఉంది.

పేదవారు ఇవ్వలేరన్న మాట ఆయన ఒప్పుకునేవారు కాదు. క్రైస్తవుల ఇవ్వడం గురించి ఒక పుస్తకమే వ్రాశారు. ఇచ్చేవాడికే గుడి తనదవుతుందని ఆయన ఎరుగుదురు. కోతకాలపు పండుగల్లో ధాన్యం, కోళ్లు, కూరగాయలు తెచ్చి దేవుని సన్నిధిలో పెట్టే ఆచారాన్ని ప్రోత్సహించారు. మన ఊరి జాతరల ఉత్సాహాన్ని, భజనను, కథాకాలక్షేపాన్ని ఆరాధనలోకి తెచ్చారు. అలాగని అన్నీ మార్చేశారని చెప్పలేం. ఆంగ్లికన్ ప్రార్థనా క్రమాన్ని, బిషప్ పదవి గౌరవాన్ని గట్టిగానే పట్టుకున్నారు. మరీ కట్టుదిట్టమని అప్పట్లోనే గొణిగినవారున్నారు.

రాజకీయాల గాలి ఆయనకూ తగిలింది. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం మతాలవారీగా ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించినప్పుడు, క్రైస్తవులకు అలాంటివి వద్దని ఆయన వ్యతిరేకించారు. సంఘం రాజకీయ ముఠాగా మిగిలిపోతుందని ఆయన భయం. మరోపక్క పల్లెల ప్రజలు క్రైస్తవులు కావడంపై గాంధీజీకీ ఆయనకూ తీవ్రమైన భేదాభిప్రాయం ఏర్పడింది. పేదవాడికి ఆత్మ విషయంలో తన నిర్ణయం తాను చేసుకునే తెలివి, హక్కు ఉన్నాయన్న చోట అజరయ్య వెనక్కి తగ్గలేదు. దేశాన్ని ప్రేమించే క్రైస్తవుడు ఇటు దొరలకు, అటు జాతీయ నాయకులకు ఒకేసారి పరాయివాడు కావలసి రావడం ఎంత బరువో ఆలోచించండి.

ఇప్పుడు గుడి దగ్గరకు వద్దాం. ఎపిఫనీ అంటే ప్రత్యక్షత. తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన యేసును చూసి, తమ దేశపు కానుకలు అర్పించిన సంగతిని మత్తయి 2వ అధ్యాయం చెబుతుంది. ఆ పండుగ జనవరి 6న వస్తుంది. ఆ పేరే పెట్టి, ఆ రోజునే ప్రతిష్ఠించారు. జ్ఞానులు యెరూషలేములో కొనుక్కుని కానుకలు తేలేదు. తమ ఇంటినుంచి తెచ్చారు. డోర్నకల్ గుడిలోనూ ఇంగ్లండు గోపురం నకలు లేదు. నిజాం రాజ్యపు గుమ్మటం, మన దేశపు రాతి స్తంభం ప్రభువు పాదాల దగ్గరకు వచ్చాయి. పల్లె నుంచి వచ్చిన విశ్వాసి అక్కడ చెప్పులు విడిచి, నేలమీద కూర్చుంటే దొర ఇంటికి వచ్చానన్న బెరుకు ఉండకూడదన్నది ఆయన ఆశ.

చివరి ఆశ ఒకటి మిగిలింది. 1919 మే నెలలో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల గురువులు కూడినప్పుడు, దక్షిణ భారతంలోని సంఘాలన్నీ ఒకటి కావాలన్న పిలుపు వెలువడింది. అందులో ముఖ్యుడు అజరయ్య. ఒకే పల్లెలో రెండు మిషన్ల పేర్లు చెప్పుకుని కొట్లాడుకుంటే ఆ ఊరివాడు మన మాట ఎందుకు వినాలి? పాశ్చాత్య దేశాల్లో చీలికలు ఓర్చుకోగలరేమో గానీ మన పల్లెల్లో అవి పాపమేనని ఆయన వాదన. ఆ చర్చలు పావు శతాబ్దానికి పైగా సాగాయి. ఆయన వాటిని వదల్లేదు.

1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ఆయన ప్రభువునందు నిద్రించారు. తాను కట్టించిన గుడి చెంతనే ఆయన సమాధి ఉంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు ఒకే బల్ల దగ్గర నిలిచి దక్షిణ ఇండియా సంఘంగా ఏకమైనప్పుడు, డోర్నకల్ అధ్యక్ష ఖండం కూడా ఆ ఐక్యతలో చేరింది.