ఓరుగల్లు చరిత్రకు అక్షర రక్ష: కొమర్రాజు లక్ష్మణరావు

లిఖిత వారసత్వ పరిరక్షణకై యునెస్కో 1992లో ‘ప్రపంచ స్మృతి’ కార్యక్రమాన్ని చేపట్టింది. అంతకు 88 ఏళ్ల ముందే, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలసింది. నిజాం రాజ్యంలో ఉర్దూ అధికార భాషగా చెలామణి అవుతున్న రోజులవి. ఆ గ్రంథాలయ స్థాపనకు ప్రేరకులైన వారిలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ముఖ్యులు.

కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1877 మే 18న జన్మించిన లక్ష్మణరావు నాగపూరులో చదివి, మునగాల సంస్థాన దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనలో ప్రధాన పాత్ర వహించారు.

శాసనాల పరిశోధన ఆయనకు ప్రాణప్రదం. శిలాక్షరం శాశ్వతమని లోకం భావిస్తుంది గాని, ఆదరణ లేని శిల పగిలితే అందలి వంశక్రమం, దాన వివరం, కాలం అన్నీ నశిస్తాయి. వేయిస్తంభాల గుడి వద్ద గల 1163 నాటి రుద్రదేవుని శాసనమే లేకుంటే కాకతీయుల స్వాతంత్ర్య వృత్తాంతం ఇంత స్పష్టంగా తెలిసేది కాదు.

ఆయన తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అసంపూర్ణంగా ఉండగానే, 1923 జూలై 12న, 46వ ఏట లక్ష్మణరావు కన్నుమూశారు. ఆయన పేరు వహించిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ గ్రంథాన్ని ప్రచురించింది. కాకతీయుల శాసనాలు అందులో అచ్చెక్కాయి.